ద్వారం దగ్గర నిలబడ్డ మేనమామ

ఏలూరు పవర్‌పేటలో సొంత ఇంట్లో ఉంటున్న, కీ.శే. ముత్యాల పేర్రాజు గారి భార్య, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసు గల రిటైర్డు లెక్కల టీచరు, ముత్యాల జ్ఞానప్రసూనాంబ అనే నేను నా తదనంతరం అమలు కావలసిన ఈ వీలునామాను నా చేత్తోనే రాసుకుంటున్నాను. నాకు మతి స్థిరంగా ఉంది. డాక్టరు గారి సర్టిఫికెట్టు వెనక జతపరిచాను. డ్రాగన్ల పుస్తకాలు చదివే ముసలామెకు మతి స్థిరంగా ఎలా ఉంటుందని ఎవరైనా కోర్టుకు వెళ్తారేమోనన్న అనుమానంతోనే అది తీసుకున్నాను. ఆ అనుమానం ఎవరి మీదో చదవగా చదవగా తెలుస్తుంది.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టగలవారు మా ఇంట్లో పుట్టలేదు.

1. 2024 ఆగస్టు 19న రిజిస్టరు చేయించిన నా పాత వీలునామాను పూర్తిగా రద్దు చేస్తున్నాను. అందులో పవర్‌పేట ఇల్లు మొత్తం నా కొడుకు కిరణ్ కుమార్ కూతురు ఇందుజకు రాశాను. నా కూతురు దుర్గాభవాని కొడుకు రోహిత్ పేరు కొట్టేశాను. కొట్టేయడానికి అప్పుడు కారణం ఉంది. ఇప్పుడు లేదు.

2. దీన్ని అమలు జరిపే బాధ్యత నాతో పనిచేసిన రిటైర్డు హెడ్మిస్ట్రెస్ లక్ష్మీకాంతమ్మ గారిది. అయితే అందరి ముందూ పైకి చదవవలసినది కిరణ్ కుమార్. వాడి గొంతు బాగుంటుంది. మధ్యలో ఆపకూడదు, వాక్యాలు దాటెయ్యకూడదు. లక్ష్మీకాంతమ్మ గారి దగ్గర రెండో ప్రతి ఉంటుంది. ఆవిడ వేలు పెట్టి చూస్తూ ఉంటారు.

3. దెందులూరులోని మాగాణిని కిరణ్ కుమార్, దుర్గాభవాని చెరి సగం దానవిక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది. సరిహద్దు రాయి నేనే దగ్గరుండి పాతించాను. దాన్ని జరపాలని ఎవరికైనా బుద్ధి పుడితే, భూమి లోపల ఇంకో రాయి ఉంది. అది ఎక్కడుందో దుర్గాభవానికి తెలుసు.

4. ఇంట్లో నాకు సాయంగా ఉంటున్న యేసమ్మకు వెట్ గ్రైండరు, నా మంచం. రోజూ సాయంత్రం ఆమెకు డ్రాగన్ల కథ చెప్పేదాన్ని. "చూసినోళ్ళు ఎవరండీ, అందరూ చెప్పుకోడమేగా" అనేది. డ్రాగన్ల గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా జాగ్రత్తయిన మాట లేదు.

5. దుర్గాభవానికి వాళ్ళ నాన్నగారి బైనాక్యులర్స్. కొల్లేటికి ఆయనతో పక్షుల్ని చూడటానికి వెళ్ళింది ఈమె ఒక్కతే. డ్రాగన్ దిగడాన్ని పుస్తకంలో రాసిన తీరు చూస్తే, అచ్చం గూడబాతు నీళ్ళ మీద దిగినట్టే ఉంటుంది. కొడుకు పేరు కొట్టేసిన తరవాత ఈమె నన్ను ఒక్క మాట అనలేదు. ఉసిరికాయ పచ్చడి మాత్రం ఉప్పు తక్కువేసి పంపింది. అది కోపమో, నా బి.పి. మీద జాగ్రత్తో ఇంతవరకూ తేలలేదు.

6. ఇక పాత వీలునామా సంగతి. ఇది తెలియాలంటే పుస్తకం సంగతి చెప్పాలి. నల్లకోట రాజవంశం గురించిన ఇంగ్లీషు నవల, నాలుగు సంపుటాలు, లాక్‌డౌన్ రోజుల్లో రోహిత్ తెచ్చి ఇచ్చాడు. ఆఖరుదైన ఐదోది ఇంకా రాలేదు. నేనుండగా వస్తుందన్న నమ్మకం లేదు. ఆ వంశంలో పుట్టినవాడు పిలిస్తేనే డ్రాగన్ వస్తుంది. రాకుమారుడు పిలిస్తే రాదు. ఎందుకు రాదన్న దాని మీద దేశదేశాల పాఠకులు ఇంటర్నెట్‌లో సిద్ధాంతాలు చేస్తున్నారు. డ్రాగన్‌కు చెవుడన్నవాడు కూడా ఉన్నాడు.

నా సిద్ధాంతం ఇది. రెండో సంపుటంలో రాకుమారుడికి పుట్టువెంట్రుకలు తీసే వేడుక ఉంది. రాణి తమ్ముడు లోపలికి రాడు. గుర్రం కళ్ళెం పట్టుకుని ద్వారం దగ్గరే నిలబడతాడు. రాజుతో భూమి తగాదా ఉంది కాబట్టి అలిగాడని అందరూ రాశారు. ఎంత తగాదా ఉంటే మాత్రం మేనమామ మొదటి కత్తెర వెయ్యకుండా ఉంటాడా? బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవలసినవాడే వాడు. రాలేదంటే, ఆ బిడ్డ తన అక్క కడుపున పుట్టలేదని వాడికి తెలుసు. ఎవరో పిల్లవాణ్ణి మార్చారు. అందుకే డ్రాగన్ రాదు.

7. దీన్ని పోయిన ఆషాఢంలో మా వసారాలో రోహిత్‌కు చెప్పాను. కిరణ్ పడక కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. పుస్తకం ముట్టనివాణ్ణి విన్నవాళ్ళ లెక్కలో వెయ్యలేదు. శ్రావణం రాకముందే ఫణికిరణ్ అనే పెంటపాడు కుర్రవాడు తన యూట్యూబ్ చానల్లో ఆ సిద్ధాంతాన్ని కత్తెరతో సహా ఒప్పజెప్పాడు, తన బుర్రలో పుట్టినట్టు. లక్షమంది చూశారట. రోహిత్ ఆ చానల్ రోజూ చూస్తాడు. భోజనాల దగ్గర అందరి ముందూ అడిగాను.

"అమ్మమ్మా, నేను చెప్పలేదండి" అన్నాడు.

"మరి గోడలు చెప్పాయా?" అన్నాను. "చెప్పుకుని తిరిగేవాడి చేతిలో ఇల్లు పెడతానా?"

వాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కిరణ్ అన్నంలో పెరుగు కలుపుకుంటూ, "పోనీలే అమ్మా, కుర్రాడు" అన్నాడు. అప్పుడది మేనల్లుణ్ణి క్షమించమని అడిగినట్టు వినిపించింది. నేరం వాడిదేనని ఖాయం చేసినట్టు కూడా ఉందని తరవాత తట్టింది.

8. బడిలో పక్కపక్కన కూర్చున్న పిల్లలకు నేనెప్పుడూ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వలేదు. అంకెలు మార్చి వేరు వేరు సెట్లు రాసేదాన్ని. ఎవడు ఎవడి దగ్గర చూసి రాశాడో తప్పు జవాబే చెప్పేది. కార్తీకంలో అదే పని చేశాను. రాజుగారి చివరి డ్రాగన్ గుడ్డు ఎక్కడ దాచారో కనిపెట్టానని రోహిత్‌కు ఫోన్ చేసి, ఉప్పు కొట్టులో అని చెప్పాను. ఇందుజకు ఎండిపోయిన బావిలో అని చెప్పాను. కిరణ్ ఒకరోజు నన్ను కారులో తాడేపల్లిగూడెం తీసుకువెళ్తూ, "ఏంటమ్మా, నీ డ్రాగన్ల కథ ఎంతవరకొచ్చింది?" అని తనంతట తానే అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక అడగనివాడు అడిగాడు. గుడ్డు ధాన్యం గాదెలో ఉందని చెప్పాను. ఈ మూడింటిలో ఏదీ నేను నమ్మినది కాదు.

వారం తిరక్కుండా ఫణికిరణ్ వీడియోలో గుడ్డు గాదెలో తేలింది. పచ్చి ధాన్యం రాశిపోస్తే వేడెక్కుతుంది కనక ఆ వేడికి గుడ్డు పొదుగుతుందని కారణం కూడా చెప్పాడు. ఆ కారణం నేను చెప్పలేదు. అది వడ్ల వ్యాపారి చెప్పే కారణం. ఫణికిరణ్ తండ్రి కిరణ్‌తో కలిసి ధాన్యం కొంటాడు.

చెప్పినందుకు కిరణ్‌ను నేను తప్పు పట్టను. గొప్పకు చెప్పి ఉంటాడు. "మా అమ్మ కనిపెట్టింది" అని కూడా అనే ఉంటాడు. ఆ ముక్క ఆ కుర్రవాడు మింగి ఉంటాడు. కాని చెల్లెలి కొడుకును నేను కంచం ముందు నిలదీసినప్పుడు వాడు పెరుగు కలుపుకున్నాడు. ఆ ఊరుకోవడం వల్ల ఇల్లంతా తన కూతురి పేరున పడింది. పడుతుందని తెలిసి ఊరుకున్నాడా, ఊరుకున్నాక పడిందా, నాకు తెలియదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. అది నిజమా కాదా తేల్చడానికి మళ్ళీ ఇంకో సెట్టు రాయాలి. నాకు ఓపిక లేదు.

ఆగవద్దని ముందే చెప్పాను కిరణ్. చదువు.

9. పవర్‌పేట ఇంట్లో పైవాటా, డాబాతో సహా, రోహిత్‌కు. కిందివాటా, పెరడుతో సహా, ఇందుజకు. బావి మాట ఇందుజ నోరు దాటలేదు, ఉప్పు కొట్టు మాట రోహిత్ నోరూ దాటలేదు. మెట్లు, నీళ్ళ మోటారు ఉమ్మడి. రోహిత్ ఈ ఒక్క నేరం నుంచే బయటపడ్డాడు. మూడో సంపుటంలో పులిహోర మరక ఎవరిదన్నది విచారణలో ఉంది.

10. కిరణ్ కుమార్‌కు వసారాలోని పడక కుర్చీ, హాల్లో ఉన్న ఒక ఫోటో. ద్వారకాతిరుమలలో రోహిత్‌కు పుట్టువెంట్రుకలు తీసిన రోజుది. మేనల్లుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కత్తెర పట్టుకున్నాడు. పిల్లవాడు ఏడుస్తుంటే తనూ ఏడుస్తున్నాడు. ఫోటో అమ్మకూడదు, అటకెక్కించకూడదు.

11. మేనమామ పక్కకు తప్పుకుంటే బిడ్డ ఆ ఇంటివాడు కాడని నా సిద్ధాంతం. మా ఇంట్లో మేనమామ తప్పుకున్నాడు. రోహిత్ మాత్రం మా ఇంటివాడే. పుట్టగానే ఎత్తుకున్నది నేను. లెక్కల్లో ఒక్క ఉదాహరణ ఎదురు తిరిగితే చాలు, సూత్రం చెల్లదు. చెల్లని ఈ సిద్ధాంతాన్ని సర్వహక్కులతో ఫణికిరణ్‌కు దఖలు పరుస్తున్నాను. ఐదో సంపుటం వచ్చాక లక్షమంది ముందు దానితో ఏం చేసుకుంటాడో అతని ఇష్టం.

12. నల్లకోట నవల మొదటి, మూడో సంపుటాలు రోహిత్‌కు. రెండు, నాలుగు ఇందుజకు. విడదీసినందుకు ఇద్దరూ నన్ను తిట్టుకోవచ్చు. ద్వారం దగ్గర నిలబడ్డవాడికి కూతురు ఉందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఉంది. ఒక్కచోట, ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. రాకుమారుడు ఎవరి బిడ్డో తేలాలంటే ఆమె వయసు, అతని వయసు పక్కపక్కన వేసి చూడాలి. అందుకు నాలుగు సంపుటాలూ ఒకే బల్ల మీద ఉండాలి. పేజీ నంబరు నాకు తెలుసు. ఇది కిరణ్ పైకి చదువుతున్నాడు కాబట్టి రాయడం లేదు.

పైన రాసినదంతా నేను ఒకటికి రెండుసార్లు చదివి, కొట్టివేతలు లేవని చూసుకుని సంతకం చేశాను.

ఏలూరు, 2025 మార్చి 3.

(సం.) ముత్యాల జ్ఞానప్రసూనాంబ

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. సుబ్బలక్ష్మి, పవర్‌పేట, ఏలూరు
2. క్రీస్తుదాసు, రిటైర్డు డ్రిల్లు మాస్టారు, ఏలూరు

ఈ ఇద్దరికీ నా ఆస్తిలో భాగం లేదు, డ్రాగన్ల మీద ఆసక్తీ లేదు. అందుకే పిలిచాను.