నా చీరపేల విషయంలో తుది మాట

ఖమ్మం ఖానాపురం హవేలిలో నివాసముంటున్న కొల్లి సుబ్బరత్నం అనే నేను, రిటైరైన కీటక పరిశోధకురాలిని, పూర్తి తెలివిలో ఉండి, ఎవరూ చెవిలో ఊదకుండా, సొంత చేత్తో రాస్తున్న వీలునామా ఇది. పేలు పెంచేదానికి తెలివెక్కడిది అనే బంధువుల కోసం డాక్టరు సర్టిఫికెట్టు జతపరిచాను. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా తెస్తే అది దొంగది.

1. ఇల్లు నా తమ్ముడు వెంకటనారాయణకు. పెనుబల్లి నుంచి వచ్చినప్పుడల్లా ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడేవాడు, గోడలను మాత్రం తనివితీరా చూసుకుపోయేవాడు. ఇక లోపలికి రావచ్చు. వెనక గది తాళం మాత్రం ఐదో అంశం జరిగేదాకా ముట్టకూడదు.

2. బోనకల్ హెడ్మాస్టరు చెంచురామయ్య గారు దీన్ని అమలు చేయాలి. పేలున్న నా ఇంట్లో కాఫీ తాగిన చుట్టం గానీ స్నేహితుడు గానీ ఆయనొక్కరే. నా ఇత్తడి ఫిల్టరు ఆయనకు. డికాషన్ పలచనైందని ఏనాడూ అనలేదు. పలచనేనని నాకు తెలుసు.

3. భద్రాచలం అడవి అంచున మా పరిశోధన కేంద్రానికి డైరెక్టరుగా వెలగబెట్టిన వెంకటరామారావు గారికి ఒక కాలిడబ్బా. సంగతి తెలియనివారికి చెబుతున్నాను. పేలమందు పరీక్షించాలంటే పేలు బతకాలి. బట్టల మడతల్లో దాగే ఈ చీరపేలు బతకాలంటే రోజూ మనిషి నెత్తురు తాగాలి. అందుకని జాలీ అడుగున్న డబ్బాలో పేలు పోసి తండా ఆడవాళ్ల పిక్కలకు కట్టించేవారు. ఘాగ్రా కింద కనపడదు, ఎవరూ అడగరు. ఆ మహానుభావుడు కనిపెట్టిన సైన్సు అదొక్కటే. దవాఖానాలో గడువు దాటిన నెత్తురును గాజుగిన్నెలో వెచ్చగా ఉంచి, అడుగున కోడిపిల్ల చర్మం బిగిస్తే, పేలు అందులోంచి తాగుతాయని నేను చెప్పాను. "కాళ్లుండగా కోడిపిల్లలెందుకమ్మా?" అన్నారు నిండు మీటింగులో. అందరూ నవ్వారు. పేలు తాగి చూపించాక ఆ గిన్నె పక్కన నిలబడి ఫోటో దిగారు. డబ్బాకు కొత్త పట్టీలు వేయించాను. ఆయన పిక్కకు సరిపోతాయి.

4. గాజుగిన్నెలు, వేన్నీళ్ల గొట్టాలు నల్లుల మీదో దోమల మీదో పనిచేసే ఏ కాలేజీకైనా ఇవ్వండి. మా కేంద్రానికి మాత్రం వద్దు. నేను రిటైరవగానే అక్కడ గిన్నెలు మూలపడేసి మళ్లీ కాళ్లు వెతికారు. అందుకే వాటినీ పేలనూ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు పేలు తిరిగిస్తే హాల్లో నా ఫోటో పెడతారట. పెట్టుకోవడానికి వాళ్ల దగ్గర డైరెక్టరు గారి ఫోటోలు చాలా ఉన్నాయి.

5. వెనక గదిలోని పేలు తండాలోని సక్రికి. మొదటి డబ్బా కట్టించుకున్నది ఆమె. ఆ దద్దుర్లు చూసి ఏదో రోగమని తీజ్ పండగలో గోధుమ నారు బుట్టలు ముట్టనివ్వలేదు తండావాళ్లు. గిన్నెలు వచ్చాక నాతో పనిచేసింది, ఇంటికీ వచ్చింది. నా తరవాత పెంచుతుందనే ఆశతో, వీటినేం చేద్దామని అడిగాను.

"నువ్వున్నన్నాళ్లు సాకుత అమ్మా. నువ్వు పోయినంక వీటి మీద సలసల కాగే నీళ్లు నేనే పోస్త. మళ్ల ఎవరి కాలుకు గట్టొద్దు" అంది.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నా బతుకంతా ఆ గదిలోనే ఉంది. అయినా ఆమె మాటే నా మాట.

కాబట్టి నన్ను కాటికి తీసుకుపోకముందే చెంచురామయ్య గారు తాళంచెవి సక్రి చేతికివ్వాలి. కేంద్రం జీపు వచ్చినా, మా తమ్ముడు తొందరపెట్టినా, ఆ తలుపు ఆమే తీయాలి. నీళ్లు కాచడానికి పెద్ద గుండిగ తెచ్చి వంటింట్లో పెట్టాను. ఒక్కతే ఎత్తలేదు. ఎవరైనా రెండో వైపు పట్టుకోండి.

ఖమ్మం, 1991 ఆగస్టు 19

(సం.) కొల్లి సుబ్బరత్నం

సాక్షులు:
జైరాం, పోస్ట్‌మాన్
నాగక్క, పక్కింటి ఆమె (వేలిముద్ర)