నవల్లో లేని పెళ్లి

వదినా, సంగటి మూతేసి పెట్టినా. మగ్గానికి కండెలన్నీ నూలు చుట్టేసినా. బత్తలపల్లెకు పోతాండా, పొద్దుగూకేలోగా వస్తా.

ఈ చీటీ నువ్వే కూడబలుక్కోని చదువు. ఇంకెవురితోనూ చదివించుకోవద్దు. నేను నీకు చదివి చెప్పిన నవలను టీవీలో సీరియల్ వేస్తాండారు గదా, నిన్న దాంట్లో ఆ పిల్ల పెళ్లి వద్దని రైలెక్కిపోతే, "నవలంతా పాడుచేసినారు! చిలకపచ్చ చీరలో పెళ్లయిందని మా జయంతి చదివి చెప్పింది" అని గంగాదేవి ఇంట్లో అందరితో కొట్లాడినావు. వాళ్లు నవ్వినారు. పక్కనే కూచోని నేను నోరు తెరవలేదు.

నవల్లో ఉండేదీ రైలే వదినా. నేను ఆఖరు చదివిన పొద్దు, కథ వింటా నువ్వు మగ్గంలో కూచోని ఏడుస్తాంటివి. పట్టు మీద కన్నీళ్లు పడి మరకవుతుందని, పుస్తకం చూస్తానే కథ మార్చి పెళ్లి చేసేసినా.

సిగ్గుతో నీ మొగం చూడలేక రాస్తాండా.

జయంతి

చిలకపచ్చ చీర కూడా పుస్తకంలో లేదు. అది నీ మగ్గం మీద ఉండింది.