మూడో నిద్ర

ఉదయగిరి,
ఆదివారం.

అన్నకు,

తమ్ముడు ప్రశాంత్ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నాయన పొలానికి పోయి వస్తున్నాడు, వదిన మొన్న ఆత్మకూరు నుంచి మనింటికి వచ్చింది. యుద్ధమని మీ ఆఫీసర్లు మీ ఫోన్లు తీసి పెట్టుకున్నారు కాబట్టి నీ క్షేమం తెలియాలంటే జాబే దిక్కు. అది వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది.

అడిగినవాటికి ముందు జవాబులు. నువ్వు తెచ్చిన మోకాలి పట్టీని అవ్వ రెండు రోజులు వేసుకుని, "ఎద్దుకు కట్టినట్టుండాదిరా" అని విప్పేసింది. వాన లేదు. కరపత్రాలు ఇంకా పంచుతున్నానా అన్నావు. పోయిన వారం కొండాపురం సంతలో యుద్ధం వద్దని పంచాను. ఎండుమిర్చి అమ్మే ఓబులయ్య దాంట్లోనే పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. "మీ అన్న ఆకాశంలో ఉండాడు, నువ్వు కాగితంలో ఉండావు. ఇంటికొకరన్నా నేలమీద ఉండండ్రా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పోట్లాడకుండా వచ్చేశాను. నాకేదో అయిందని నీకు ఇక్కడికే అర్థమై ఉంటుంది.

ఆత్మకూరు బస్టాండులో నీతో అన్న మాట మరిచిపోలేదు. "పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా ఉంటారంట గదా, నలపడం సులువే" అన్నాను. పెళ్లయిన తొమ్మిదో రోజు సెలవు రద్దయి పోతున్నవాడితో అన్నాను. నువ్వు కొట్టలేదు. నా చొక్కా కాలరు సర్ది బస్సెక్కావు.

ఇక నీ జాబులో చివరి పేరా. దాన్ని దాటేద్దామని మూడు కాగితాలు చించాను. ఒకరోజు ఆలస్యంగా చేరావని విచారణ పెట్టారన్నావు. ముందురోజే నీ ఫోనుకు చేశామని, ఎవరో ఎత్తి మాట్లాడారని వాళ్లు అంటున్నారన్నావు. నీ సీట్లో ఎగిరిన తోమర్ గారి హెలికాప్టర్ తిరిగి రాలేదన్నావు. "లిఖిత ఎత్తి, భయపడి చెప్పలేదేమో. మెల్లగా అడుగు, కోప్పడొద్దు" అని రాశావు.

వదిన ఎత్తలేదన్నా. నేను ఎత్తాను.

నువ్వు బస్సెక్కిన ముందురోజు, సోమవారం పొద్దున మీరిద్దరూ సోమశిల డ్యాం చూడటానికి పోయారు. తోడుపెళ్లికొడుకును కదా, నేను మీ అత్తగారింట్లోనే ఉన్నాను. నీ ఫోను చార్జింగులో ఉంది. అవతలి మనిషి ఇంగ్లీషులో, వెంటనే బయల్దేరమని చెప్పమన్నాడు. "చెప్తాను సార్" అని పెట్టేశాను. ఆ కాల్ చెరిపేశాను.

అప్పటికి అత్తగారింట్లో మీకు రెండు నిద్రలే అయ్యాయి. "మూడు నిద్రలు నిండకుండా జంట కదిలితే అరిష్టం. నువ్వే చూసుకోవాల" అని అవ్వ నాకు చెప్పి పంపింది. ముహూర్తాలను వెక్కిరించేవాణ్ణి, దిష్టి గుమ్మడికాయను కాలితో తన్నినవాణ్ణి, ఆ ఒక్క మాటను గట్టిగా పట్టుకున్నాను. అది సాకు. యుద్ధానికి ఒక మనిషిని తగ్గించానని లోలోపల పొంగిపోయాను. మర్నాడు వాళ్లు మీ మామ మాలకొండయ్య గారికి ఫోను చేసి నిన్ను పిలిపించినప్పుడు కూడా నోరు విప్పలేదు.

తగ్గించలేదన్నా. నీ సీట్లో ఇంకొకరి కొడుకును కూర్చోబెట్టాను. నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఈ సంగతి లేదు.

నిన్న వదినకు చెప్పాను. బియ్యం చెరుగుతోంది. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే పోయాను. చేట కింద పెట్టింది.

"అయితే ఆ మూడో నిద్ర మాది కాదు, వాళ్లది" అంది. తర్వాత, "తోమర్ గారి భార్య పేరేంది?" అని అడిగింది.

తెలియదన్నాను.

"కనుక్కో. నేను ఆమెకు జాబు రాయాల" అంది. మళ్లీ చేట అందుకుంది గాని చెరగలేదు.

ఈ జాబు నీ ఒక్కడికే కాదు. మీ ఆఫీసరుకు ఇవ్వు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి ఇదే సంగతి ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి జత చేశాను. తమ్ముణ్ణి కాపాడాలని దాస్తావని తెలుసు. అందుకే ఇంకో నకలు మీ ఆఫీసరు పేరున ఈరోజే పోస్టు చేస్తున్నాను. నీకెంత కోపం ఉన్నా సరే, ఆమె పేరు మాత్రం వదినకు రాసి పంపు.

ఇట్లు,
సోమవారం నీ ఫోను ఎత్తిన తమ్ముడు,
ప్రశాంత్,
తండ్రి పేరు రామనారాయణ,
ఉదయగిరి.