మీట ఉన్న పిస్తోలే

షెరిఫ్ గారికి,

డిప్యూటీలకిచ్చే రెండు రకాల పిస్తోళ్లలో ఏది కావాలో రాసివ్వమన్నారు. మిగతా డిప్యూటీలంతా తీసి నొక్కగానే పేలే కొత్తరకం కోరారు. నాకు మాత్రం బొటనవేలితో మీట దించితేగాని పేలని పాతరకమే ఉంచమని మనవి.

మార్చిలో ప్లాట్ నది పక్కనున్న మొక్కజొన్న గిడ్డంగిలో ఎవరో దూరారని కబురొస్తే వెళ్లాను. లోపల మసకగా ఉంది. ఆగమని రెండుసార్లు అరిచాను. ఆ మనిషి ఆగలేదు, చేతిలో ఇనుప వస్తువుతో నావైపే వచ్చాడు. ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. కంగారులో మీట దించడం మరిచాను. దించేలోగా అతను తలుపు దగ్గరి వెలుగులోకి వచ్చాడు. గిడ్డంగి కాపలాదారు ఆర్విల్, చెవులు వినపడని ముసలాయన. చేతిలో ఉన్నది పానా.

"ఏంటయ్యా అలా పాలిపోయావు? ఈ గింజలారబెట్టే యంత్రం మళ్లీ మొరాయించింది. కాస్త ఆ లైటు పట్టుకో," అన్నాడు.

పిస్తోలు ఒరలో పెట్టి లైటు పట్టుకున్నాను. చలికి పాలిపోయాననుకుని తన కోటు తీసి నాకు కప్పాడు.

రిపోర్టులో దొంగలెవరూ లేరని మాత్రమే రాశాను. ట్రిగ్గర్ నొక్కిన సంగతి రాయలేదు, ఆర్విల్‌కూ చెప్పలేదు. ఆదివారాలు చర్చిలో నాకోసం పక్కన చోటు ఉంచుతాడు.

నన్ను ఉద్యోగంలో ఉంచాలో లేదో మీరే తేల్చండి. ఆర్విల్‌కు మాత్రం మీరు చెప్పకండి, అది నేనే చెప్పాలి. ఈ ఉత్తరం మీ బల్లమీద పెట్టి, నేను వాళ్లింటికే వెళుతున్నాను.

మీ డిప్యూటీ