తోడు పెరుగు, జిగురు సీసా

లుపిండో మిషన్ కాంపౌండు,
టాంజానియా,
2 జూన్ 1983

ప్రియమైన సిగ్నే అక్కకు,

గున్వోర్ వందనాలు. ప్రభువు దయవల్ల మీరు స్వీడన్ చేరి, ప్రయాణపు బడలిక తీర్చుకుని ఉంటారనుకుంటాను. ఇక్కడ మేమంతా కులాసా. మా ఆయన బెంగ్ట్ జనరేటరు కింద, పిల్లలు జామచెట్టు మీద, నేను వంటింట్లో. ఎవరి చోట్లో వాళ్ళున్నాం.

అక్కా, మీరు బస్సెక్కుతూ అందరి ముందూ నా చేతిలో ఆ పెరుగు గిన్నె పెట్టి, "దీన్ని చావనివ్వకు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయారు. మీకిది చిన్న విషయమేమో. ఆ మధ్యాహ్నం కాంపౌండులో ఎవరూ కునుకు తీయలేదు. మీ అమ్మగారి ఊరి తోడు, నారబట్టలో ఎండబెట్టి ఓడలో తెచ్చుకున్న తోడు, ఇరవై ఏడేళ్ళుగా ఎవరడిగినా చెంచాడు రాల్చని తోడు! డాక్టరుగారి భార్య కిర్‌స్టెన్ తొమ్మిదేళ్ళు అడిగింది. "ఇల్లు ఖాళీ చేసే రోజున చూద్దాంలే" అని మీరే అన్నారట.

మొన్న మా బల్ల మీద ఆ గిన్నె చూసి ఆవిడ మొహం పాలిపోయింది. "అయితే సిగ్నే ఇంక రాదన్నమాట" అంది. మూడు నెలల సెలవే కదా అన్నాను. "మూడు నెలలకెవరైనా తోడు ఇచ్చేసి పోతారా? నువ్వొట్టి అమాయకురాలివి గున్వోర్" అని నన్ను జాలిగా చూసింది.

నాకు చెప్పలేక వెళ్ళారేమో అని రెండు రోజులుగా మనసు బాగోలేదు. నాతో ఏదైనా చెప్పాలనుంటే మొహమాటపడకండి. మీ ఇనప పొయ్యి గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఏం చెప్పమంటారు?

ప్రేమతో,
గున్వోర్

తా.క. ఆ ఇద్దరు ముగ్గురూ కిర్‌స్టెనే. మూడుసార్లు అడిగింది.


హెర్నోసాండ్,
20 జూన్ 1983

గున్వోర్ తల్లికి,

సిగ్నే ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నీతో చెప్పడానికి నాకేం మొహమాటమో, అసలు చెప్పడానికి ఏముందో బోధపడలేదు గానీ, ఎండకి నీకు తలనొప్పి వచ్చినట్టుంది. టోపీ పెట్టుకో.

పొయ్యి ఎవరు అడిగినా ఇవ్వు. ఊరికే పడి ఉంటే తుప్పు పట్టిపోతుంది. కుర్చీలు, దోమతెర, ప్రెషర్ కుక్కరు ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండి. వాటిని నేనిక్కడికి తెచ్చుకుంటానా ఏమిటి?

మా చెల్లెలు రోజూ మూడు రకాల బిస్కట్లు చేసి ముందు పెడుతోంది. అక్కడ సబ్బు కోసం వరసలో నిలబడి వచ్చినదాన్ని, ఇక్కడ అంగట్లో నలభై రకాల జున్నులు చూసి ఏదీ కొనకుండా బయటికొచ్చేశాను. వీధిలో నేను పలకరిస్తే అందరూ ఉలిక్కిపడుతున్నారు. మతి చెడిందనుకుంటున్నారు కాబోలు.

పెరుగు జాగ్రత్త.

నీ సిగ్నే అక్క

తా.క. మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికెళ్తే, "వయసు" అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేవడానికి నేనే చెయ్యి అందించాను.


లుపిండో,
8 జూలై 1983

ప్రియమైన అక్కకు,

వందనాలు. మీ ఉత్తరం చదివి ఏడ్చాను. "వాటిని ఇక్కడికి తెచ్చుకుంటానా" అన్న మాట దగ్గర బెంగ్ట్ కూడా ముక్కు చీదుకున్నాడు. ఎంత తేలిగ్గా చెప్పేశారు! ఎవరికీ బాధ కలగకుండా వెళ్ళిపోవాలని మీరు అనుకున్నారు. మీ మనసు నాకు తెలీదా?

ఎవరైనా శాశ్వతంగా వెళ్ళిపోతే చేసే మన ఆనవాయితీ ప్రకారం శనివారం మీ ఇంట్లో చీటీల కాఫీ పెట్టాను. అందరూ మర్యాదగా కాఫీ తాగుతూ వాతావరణం గురించి మాట్లాడారు. అలా మాట్లాడుతూనే వాళ్ళవాళ్ళ పేరు రాసిన చీటీలు సామాన్ల కింద అంటించేశారు. కిర్‌స్టెన్ అయితే ప్రార్థన అయ్యేలోపే పొయ్యికి అంటించింది. "కళ్ళు మూసుకునే అంటించాను, చూస్తే ఒట్టు" అంటుంది. వ్యవసాయం చూసే ఇంగ్లీషాయన రెజినాల్డ్ మీ మంచం కింద దూరి ఇరుక్కుపోయాడు. ఆయన్ని లాగేటప్పుడు మంచమూ వచ్చింది.

ప్రసూతి వార్డులో మీ కుడిభుజం, పిలుపులోనే అమ్మ ఉన్న మామా ఉపెండో గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "ఏమిటమ్మా ఈ కాగితాలు?" అని అడిగింది.

"ఎవరి చీటీ ముందు పడితే ఆ వస్తువు వాళ్ళది మామా. ఒకసారి అంటించాక బిషప్పుగారొచ్చినా పీకడానికి వీల్లేదు" అన్నాను.

"మీ దేశంలో కూడా ఇంతేనా?"

"మిషన్ వాళ్ళం ఎక్కడున్నా ఇంతే."

"ఓహో" అని ఒక చీటీ తడిమి చూసి, "ఆ జిగురు సీసా ఒక్కరోజు ఇస్తావా తల్లీ?" అంది. ఇచ్చాను. పాపం, వార్డులో ఏవో పుస్తకాలు చిరిగి ఉంటాయి.

మీ సేవకు కృతజ్ఞతలు చెబుతూ కాంపౌండు కమిటీ ఒక వీడ్కోలు తీర్మానం చేసింది. నేనే అందంగా రాసి స్వీడన్‌లో మన బోర్డుకి పంపాను.

కన్నీళ్ళతో,
గున్వోర్

తా.క. నేను మీ ఊగే కుర్చీకి మాత్రమే అంటించుకున్నాను. అదీ మీ గుర్తుగా. ఇంకా ప్రెషర్ కుక్కరు.


హెర్నోసాండ్,
27 జూలై 1983

గున్వోర్!

నేను చచ్చిపోయానా? చచ్చిపోతే నాకొక మాట చెప్పాలి కదా!

నిన్న బోర్డు కార్యదర్శి హోల్మ్‌గ్రెన్ పిలిపించాడు. వెళ్ళీవెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని ఊపి ఊపి, ఒక వెండి చెంచా చేతిలో పెట్టాడు. దాని మీద నా పేరూ, రెండు తారీఖులూ చెక్కించారు. సమాధిరాయి మీద చెక్కినట్టే ఉంది. ఆ పైన, రిటైరైన మిషనరీల ఆశ్రమంలో నాకో గది కేటాయించామన్నాడు. కిటికీలోంచి కార్లు నిలిపే స్థలం బాగా కనిపిస్తుందట.

సెలవు మీద వచ్చాను మహానుభావా, సెప్టెంబరులో వెళ్ళిపోవాలి అన్నాను. నీ చేతిరాతతో ఉన్న తీర్మానం తీసి ముందు పెట్టాడు. "మీవాళ్ళే వీడ్కోలు చెప్పాక, యాభై తొమ్మిదేళ్ళ మనిషిని మేమెలా పంపగలం?" అన్నాడు. నా తిరుగు టికెట్టు ఆపేశారు. ఆగస్టు ఇరవై నాలుగున బోర్డు కూర్చుని తేలుస్తుందట.

పెరుగుని చావనివ్వకు అన్నానంటే, తిరిగొచ్చి తింటాననే కదే అర్థం! మూడు నెలలు ఒక్కతే ఎలా బతుకుతుందది?

గున్వోర్, నవ్వులాట కాదు. ఇక్కడ నాకెవరూ లేరు. చెల్లెలికి దాని సంసారం ఉంది. నా చేతుల్లో పుట్టిన ఆడపిల్లలు నా చేతుల్లోనే పిల్లల్ని కన్నారు, అక్కడ. ఈ ఊళ్ళో నన్ను చూసి నవ్వే మొహం ఒక్కటి లేదు. నాకు నా ఇల్లు కావాలి. నా వార్డు కావాలి. నాకు భయంగా ఉంది.

సిగ్నే

తా.క. చీటీలన్నీ పీకెయ్. కిర్‌స్టెన్‌ది ముందు పీకు.


లుపిండో,
14 ఆగస్టు 1983

అక్కా,

ఏ మొహం పెట్టుకుని వందనాలు చెప్పను?

నాదే తప్పు. నూటికి నూరుపాళ్ళూ నాదే. బోర్డుకి వెంటనే ఉత్తరం రాశాను, కానీ అది చేరేసరికి వాళ్ళు కూర్చుని లేచిపోయి ఉంటారు. టెలిగ్రాం ఇద్దామని బెంగ్ట్ మోటారు సైకిల్ మీద పట్నం వెళ్ళాడు. తీగలు తెగి పదిరోజులైందట. పోస్టుమాస్టరు బెంగ్ట్‌కి టీ ఇచ్చి పంపాడు.

చీటీలు పీకమని అందరినీ పిలిచి చెప్పాను. రెజినాల్డ్ సిగ్గుపడి మంచం తెచ్చి ఇచ్చేశాడు. కిర్‌స్టెన్ మాత్రం, "సిగ్నే వస్తే నా ప్రాణమైనా ఇస్తాను. చీటీ సంగతి వేరు" అంటోంది. పొయ్యి వాళ్ళ వంటింట్లో ఉంది. రోజూ యాలకుల రొట్టెల వాసన మా ఇంటిదాకా వస్తోంది. బెంగ్ట్ అటువైపు కిటికీ దగ్గరే కూర్చుంటున్నాడు.

మీరు రాకపోతే నన్ను నేను క్షమించుకోలేను. మా ఇద్దరు పిల్లల్నీ ఈ లోకంలోకి తెచ్చింది మీరు. మిమ్మల్ని ఇక్కణ్ణుంచి పంపేసింది నేను.

మీ పాపాత్మురాలు,
గున్వోర్

తా.క. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మీ పెరుగు నాలుగో రోజే చచ్చిపోయింది. ఎండలో మరిచిపోయాను. భయమేసి మామా ఉపెండో దగ్గర వాళ్ళ సొరబుర్రలో తోడుపెట్టిన పెరుగు తెచ్చి మీ గిన్నెలో పోశాను. ఎవరూ కనిపెట్టలేదు. కిర్‌స్టెన్ అయితే కళ్ళు మూసుకుని, "ఇదీ మన ఉత్తరదేశపు రుచి" అంది.

మళ్ళీ తా.క. మామా ఉపెండో జిగురు సీసా తిరిగిచ్చింది. పూర్తిగా ఖాళీ. వార్డు గోడ మీది స్టాఫ్ ఫొటో కూడా కనబడటం లేదు. అడిగితే, "శుభ్రం చేస్తున్నాం" అంది. నెల రోజులుగా శుభ్రం చేస్తోంది.


లుపిండో,
మీ ఇంటికి ఎనభై అడుగుల దూరం నుంచి,
9 సెప్టెంబరు 1983

గున్వోర్ తల్లీ,

మీ గుమ్మంలో నిలబడి "హోడి, హోడి" అని, ఇక్కడివాళ్ళు లోపలికి రావచ్చా అని అడిగినట్టే, గొంతు పోయేలా పిలిచాను. నువ్వు తలుపు తియ్యలేదు. కర్టెన్ వెనక నీ కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. అందుకే వాచ్‌మన్ నికోడెమో తాత చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఆయన చదివి వినిపించమంటే వినిపించకు.

ఏం జరిగిందో విను. ఇరవై నాలుగో తారీఖున బోర్డు వాళ్ళు పదకొండుమంది బల్ల చుట్టూ కూర్చున్నారు. హోల్మ్‌గ్రెన్ నన్ను పొగడటం మొదలుపెట్టాడు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు గుమాస్తా అమ్మాయి ఒక పెద్ద కవరు పట్టుకొచ్చింది. మందుల పెట్టె మీది చిరునామా కత్తిరించి దానికి అంటించారు.

లోపల మన స్టాఫ్ ఫొటో. అందులో సరిగ్గా నా గుండె మీద ఒక చీటీ. మామా ఉపెండో చేతిరాత. "ఈమె మాది. ముందు మేమే అంటించాం. లుపిండో తల్లులు." వెనక అట్ట నిండా వేలిముద్రలు. ఒకటి మరీ చిన్నది, ఎవరో పసిగుడ్డు చేత వేయించారు.

హోల్మ్‌గ్రెన్ ఫొటోని తన ముందుకు లాక్కున్నాడు. ఆయన కుర్రతనంలో ఇక్కడ పనిచేసినవాడే. చీటీల కాఫీలో ఒక కిరసనాయిలు దీపం ఎలా పోగొట్టుకున్నాడో ఇప్పటికీ చెబుతుంటాడు. గోటితో ఆ చీటీ అంచు గీకి చూశాడు. రాలేదు. సీసాడు జిగురు పోసింది మా మామా! "అయ్యలారా, మన చేతుల్లో ఏమీ లేదు. వాళ్ళ చీటీ ముందే పడింది" అని ఫైలు మూసేశాడు. నాకు ఏడుపొచ్చింది. పదకొండుమంది మగవాళ్ళ ముందు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

నీ మీద కోపం లేదు. ఉండేది, విమానం ఎక్కేదాకా ఉండేది. పొయ్యి కిర్‌స్టెన్‌కే ఉండనీ. చీటీ నన్ను వెనక్కి తెచ్చింది, ఇప్పుడు దాన్ని కాదంటానా? ఊగే కుర్చీ మాత్రం పట్టుకురా. కాఫీ పెట్టాను, చల్లారిపోతోంది. వచ్చేటప్పుడు నా ప్రెషర్ కుక్కరు కూడా.

నీ సిగ్నే అక్క

తా.క. పెరుగు గురించి బెంగ పెట్టుకోకు. మా అమ్మ ఇచ్చిన తోడు నేనొచ్చిన మొదటి వానాకాలంలోనే చచ్చిపోయింది. అప్పుడు మామా ఉపెండో వాళ్ళమ్మే వాళ్ళ సొరబుర్రలోంచి తోడు పోసింది. ఆ తర్వాత కూడా నాలుగుసార్లు చచ్చింది, నాలుగుసార్లూ వాళ్ళింటి నుంచే తెచ్చుకున్నాను. ఎవరికీ చెంచాడు ఇవ్వనిది పిసినారితనం వల్ల కాదే తల్లీ, గుట్టు బయటపడుతుందని. కిర్‌స్టెన్‌కి చెప్పకు. ఉత్తరదేశపు రుచి అనుకుని తింటోంది, తిననీ.