వదిన ఎడమ చెంప

ఆగస్టు 4, సోమవారం

అన్నయ్య మళ్ళీ ఫోటో పంపాడు. పాప పుట్టినరోజుది. కేకు, టోపీలు, బుడగలు, పక్కన వదిన. "నీలూ, కొంచెం క్లీన్ చేసి పంపు. శ్రీకాకుళంలో చుట్టాలకి పంపాల." అంతే. ఏం క్లీన్ చెయ్యాలో చెప్పడు. చెప్పక్కర్లేదు.

వదిన ఎడమ చెంప. కంటి కింద నుంచి దవడ దాకా. అంచులు పసుపు, మధ్యలో ఇంకా ఆకుపచ్చ. అంటే అయిదారు రోజుల కిందటి దెబ్బ. మొదట ఎరుపు, మర్నాటికి వంకాయ రంగు, తర్వాత ఆకుపచ్చ, ఆఖర్న పసుపు. ఇది నాకు ఏ స్టూడియోలోనూ నేర్పలేదు. మూడేళ్ళుగా వదిన చెంప మీదే నేర్చుకున్నాను.

ఇరవై నిమిషాల పని. చర్మం గరుకు ఒక లేయర్, రంగు ఇంకో లేయర్. గరుకు జోలికి పోకూడదు, పోతే ముఖం మైనం ముద్ద అవుతుంది. కింద రంగు మాత్రమే మార్చాలి. ఆకుపచ్చ మీద పల్చగా ఎరుపు. కుడి చెంప నుంచి కొంచెం రంగు తీసి ఎడమకి అద్దడం. అయిపోయింది. నవ్వు మాత్రం ఆవిడదే, నేను ముట్టుకోలేదు.

అసలు ఫోటో మీదే సేవ్ చేశాను, ఎప్పటిలాగే. పవర్‌హౌస్ దగ్గర స్టూడియోలో పనిచేసినప్పుడు మాస్టారు తిట్టి నేర్పిన అలవాటు. రెండు కాపీలుంటే ఏదో ఒకరోజు తప్పు కాపీ ప్రింటుకి వెళ్తుందనేవాడు. ఒకసారి వెళ్ళింది కూడా. పెళ్ళికూతురి మెడ మీద బొల్లి మచ్చతో సహా ఆల్బం ఇచ్చేశాం. ఆ పిల్ల మేనమామలు వచ్చి మాస్టారి పన్ను ఊడగొట్టి వెళ్ళారు. అప్పట్నుంచి నా దగ్గర అసలు కాపీలు ఉండవు.

ఆగస్టు 6, బుధవారం

వాన. క్యాంప్‌లో మా ఇంటి సందంతా బురద. సెక్టార్ టూ నుంచి ఒకావిడ తడుస్తూ వచ్చింది. కూతురి పెళ్ళి ఫోటోలో చనిపోయిన భర్తని నిలబెట్టాలట. కోటు వేసి.

"ఎప్పుడైనా కోటు వేసుకునేవారాండీ?"

"లేదమ్మా. ఏసుకోమని పోరినాను. ఇప్పుడేసుకుంటాడు" అంది.

నవ్వొచ్చింది. కోటు వేశాను, ఆయిల్ పెయింటింగ్‌లా చేశాను. కుంచె గీతలు ముఖం ఒంపు వెంటే వెళ్ళాలి. అడ్డంగా వెళ్తే ఎవరో గోళ్ళతో రక్కినట్టు ఉంటుంది.

ఆగస్టు 9, శనివారం — రాఖీ

అక్షరాలు ఎలా పడితే అలా పడనీ.

సెక్టార్ సిక్స్‌లో అన్నయ్య కంపెనీ క్వార్టర్. పదకొండు గంటలు. అన్నయ్య సోఫాలో, గోడ మీద వాళ్ళిద్దరి పెయింటింగ్ — పెళ్ళిరోజుకి నేనే చేసిచ్చింది. రాఖీ కట్టాను. లడ్డూ పెట్టాను. నాకూ ఒకటి పెట్టాడు. హారతి పళ్ళెం తెమ్మన్నాడు. వదిన తెచ్చింది. కుంకుమ మరిచిపోయింది.

అంతే. కుంకుమ.

పళ్ళెం ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నాడు. అంచుతో కొట్టాడు. కనుబొమ మీద. స్టీలు మోగిన చప్పుడు... తర్వాత రెండోసారి మోగలేదు, మెత్తగా తగిలింది. బియ్యం గింజలు నేలంతా. వదిన గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారింది. రక్తం కంట్లోకి కారుతోంటే కొంగుతో ఒత్తుకుంది, అరవలేదు. జుట్టు పట్టుకుని లేవదీశాడు. "పండగ పూట నా చెల్లి ముందు నా పరువు తీస్తావా?" మోకాలితో పొట్టలో.

పాప లేచి వెళ్ళి టీవీ సౌండ్ పెంచింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రోజూ చేసే పనిలా పెంచి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

నేనేం చేశాను? నోట్లో లడ్డూ ఉంది. మింగాను.

ఇన్నాళ్ళూ రంగులే చూశాను. దెబ్బ పడటం చూడటం ఇదే మొదలు. నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

ఆగస్టు 10, ఆదివారం

కోటు ఆయన ఫైల్ మూసేసి అన్నయ్య ఫోటో తెరిచాను. అది ఇంకా పూర్తి కాలేదు, అయినా. ముఖాన్ని సాగదీసే టూల్ తీసుకుని దవడ పట్టుకుని లాగాను. చెవి దాకా. ముక్కు లోపలికి నొక్కాను. కళ్ళు పెనం మీద గుడ్డులా పగిలేదాకా తిప్పాను. స్టైలస్‌ని ఎంత గట్టిగా నొక్కానంటే, గీసే టాబ్లెట్ పలక మీద గీత పడింది. చాలలేదు.

వెనకాల అమ్మ. "ఏటే అది! అన్న మొకమే అది!"

"తెలుసమ్మా."

"మొగుడూ పెళ్ళాలన్నాక అవుతుంటాయి. మజ్జిలో నువ్వేటి?"

సేవ్ చెయ్యలేదు. మూసేశాను. సిస్టమ్ అడిగింది, మార్పులు వద్దా అని. వద్దు.

ఆగస్టు 12, మంగళవారం

వదిన వచ్చింది. ఆటో దిగుతుంటే కనుబొమ మీద ప్లాస్టరు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా కట్టు. నిన్న సాయంత్రం అన్నయ్య మెలిపెట్టి తలుపుకేసి కొట్టాడట. విరిగిన చప్పుడు పాపకీ వినిపించిందట. ఆస్పత్రిలో అడిగితే, ఇంట్లో బాత్రూంలో జారానని చెప్పింది. పక్కనే నిలబడ్డాడట, ఏం చెప్తుందో వింటూ. ఇవాళ అన్నయ్య డ్యూటీకి వెళ్ళగానే పాపని చరోదాలో తన పుట్టింట్లో దింపి, తిన్నగా ఇక్కడికి.

"నీలూ, కేస్ వేస్తాను. ఒక్కసారికే ఏటి కేసంటారు, పాతవి, పురానీ ఫోటోలు కావాల. నా ఫోన్ పగలగొట్టీసినాడు. నీ దగ్గర అన్నీ ఉంటాయి కదా. అసల్వి."

కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఫోల్డర్ తెరిచాను. పెళ్ళిరోజు, శ్రావణ శుక్రవారం, మైత్రీ బాగ్ పిక్నిక్, పుట్టినరోజు... ఒక్కొక్కటీ. అన్నిట్లో వదిన నవ్వుతోంది. చెంపలు పాలరాయిలా.

"ఇది కాదు. ఇది నువ్వు చేసింది. అసలుది?"

ఇంకోటి తెరిచాను. ఇంకోటి.

"ఇందులో నా పెదవి చిట్లిపోయింది నీలూ. ఏదీ?"

"తుడిచేశాను వదినా. దాని మీదే సేవ్ చేస్తాను. ఉంచను."

"వాట్సాప్‌లో?"

"ఫోన్ నిండిపోతుందని చాట్ ఖాళీ చేసేస్తాను. ఇంక అన్నయ్య ఫోన్‌లోనే..."

వదిన తిట్టి ఉంటే బాగుండేది. స్క్రీన్ మీద తన ముఖాన్నే చాలాసేపు చూసింది. "ఎంత బాగా చేసినావే" అంది. నిజంగానే మెచ్చుకుంది, అదే కోసేసింది నన్ను.

ఆగస్టు 14, గురువారం

వదిన ఫిర్యాదు మీద మహిళా కౌన్సెలింగ్ ఆఫీసుకి పిలిచారు. నేను బయట బెంచీ మీద, తలుపు తెరిచే ఉంది.

అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. చంకలో దుప్పటి చుట్టిన ఫ్రేము. విప్పి టేబుల్ మీద నిలబెట్టాడు. నేను చేసిన పెళ్ళిరోజు పెయింటింగ్. తర్వాత ఫోన్ తీసి నేను పంపిన ఫోటోలన్నీ ఒకటొకటిగా జరిపాడు. "దేఖియే మేడమ్, చూడండి, పుట్టినరోజుది, ఈ నెలదే. ఎక్కడైనా ఒక్క గీత ఉందా? కనుబొమ, చెయ్యి రెండూ బాత్రూంలో జారినప్పటివే, ఆస్పత్రి కాగితం ఉంది."

కౌన్సెలర్ మేడమ్ దగ్గరగా పెట్టుకుని చూసింది. మంచావిడే. చూసి, చూసి — "ఇస్మే తో కుచ్ నహీ హై." ఏమీ లేదంది. ఉండదు. ఉండకుండా చేసింది నేను.

వదిన తల వంచుకుని కట్టు అంచు గీరుకుంటోంది. సోమవారం మళ్ళీ రమ్మన్నారు, ఏదైనా రుజువుంటే తెమ్మన్నారు.

ఆగస్టు 15, శుక్రవారం

సందు చివర మైకులో దేశభక్తి పాటలు. వదిన వచ్చింది, తలుపు గడియ పెట్టింది.

"తుడిచినదానివి, మళ్ళీ గియ్యలేవా?"

గియ్యగలను. ప్రతిదీ గుర్తే. పుట్టినరోజు ఫోటో తెరిచి కొత్త లేయర్ వేశాను. మెత్తటి బ్రష్, పల్చటి రంగు, పొర మీద పొర. మొదట లోపలి ఎరుపు, దాని మీద ఆకుపచ్చ, అంచులు పసుపులోకి కరిగేలా. రక్తం చర్మం కింద ఉంటుంది, పైన కాదు, అందుకే గరుకు లేయర్ పైకి తేవాలి. చెయ్యి దానంతటదే పోతోంది.

వదిన వేలుతో స్క్రీన్ మీద చూపిస్తోంది. "ఇంకా కిందకి. అలగ కాదు, ఇక్కడ చిన్నగా, గుండ్రంగా. ఉంగరం తగిలింది కదా." వేశాను. "ఇంకా నల్లగా." వేశాను. "ఆ... ఇదే" అని తన చెంప మీద చెయ్యేసుకుంది. ఆవిడ ఊపిరి నా మెడకి తగులుతోంది. ఇలాంటి పని నేను ఎప్పుడూ చెయ్యలేదు, ఇంత బాగానూ చెయ్యలేదు.

"వదినా, ఇది దొంగ ఫోటో. పట్టుకుంటే నువ్వు చెప్పే నిజం కూడా అబద్ధమైపోతుంది."

"ఇది దొంగదా? మరి అది ఏటి? ఇన్నేళ్ళూ నువ్వు పంపినవి ఏటి?"

ప్రింటు తీసి ఇచ్చాను. బ్యాగులో పెట్టుకుంది.

వదిన వెళ్ళాక వంటింట్లో అమ్మ ఫోన్‌లో గుసగుసలు. అన్నయ్యతోనే.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున్న పదింటికి వచ్చాడు. ఒక్క మాట లేదు. మానిటర్‌ని రెండు చేతులా ఎత్తి గడప మీద వేసి కొట్టాడు. ప్రింటర్‌ని కాలితో తన్నాడు. సిపియూని గ్యాస్ బండతో బాదాడు, పై రేకు లోపలికి పోయేదాకా, లోపలున్నవన్నీ విరిగేదాకా. "నా మీదే గీస్తావా? నా అన్నం తిని?" ఆయన అన్నం నేనెప్పుడు తిన్నాను!

తర్వాత నా జుట్టు. నుదురు గోడకి. ఒకసారి, రెండోసారి. నోట్లో రక్తం ఉప్పగా, ఇనుము రుచి. ముందు పన్ను కదులుతోంది. అమ్మ వాడి నడుం పట్టుకుని వేలాడుతోంది, "ఒరే వొద్దురా, సచ్చిపోద్దిరా". చేతికి టాబ్లెట్ తగిలింది. అంచుతో తిప్పి కొట్టాను. చెవి మీద. మళ్ళీ. మూడోసారి చెవి చీలింది. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం. నేను ఆపలేదు. అమ్మ మీద కూడా ఒకటి పడింది, అప్పుడాగాను.

ఆనందం వేసింది. అది రాసుకోవాలి. కొడుతున్నంతసేపూ ఒంట్లో ఏదో వెచ్చగా, హాయిగా. వాడికీ ఇలాగే ఉంటుంది కాబోలు.

ఆగస్టు 18, సోమవారం

ఆఫీసు. వాడి చెవికి దూది కట్టు, నా పెదవి ఇంత లావు. వదిన ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టింది.

"మేడమ్, అది నా చెల్లెలు గీసింది! దాని పనే అది! పూఛియే ఉసే! దాన్నే అడగండి!" లేచి నిలబడ్డాడు అన్నయ్య. నిజమే చెప్తున్నాడు.

మేడమ్ నా వైపు చూసింది. వదిన చూడలేదు.

"గీశాను మేడమ్. అక్కడున్నది తుడిచింది కూడా నేనే. మీకు మొన్న చూపించినవన్నీ."

అన్నయ్య ఏదో అరిచాడు, బయట కూర్చోబెట్టారు. మేడమ్ ప్రింటు వెనక్కిచ్చేసింది, ఇది పనికిరాదంది. తెల్లకాగితాలు ఇచ్చింది. తుడిచినవన్నీ రాయమంది. ఏ పండగ, ఏ చోట, ఏ రంగు. రాశాను. హోలీ, కుడి కన్ను. మైత్రీ బాగ్, కింది పెదవి. ఒక శ్రావణ శుక్రవారం, మెడ మీద నాలుగు వేళ్ళు. కాగితం చాలక ఇంకోటి అడిగాను. ఆఖర్న కళ్ళారా చూసిన రాఖీ రోజుదీ రాశాను, మొత్తం గంటన్నర.

మేడమ్ మొత్తం చదివి కళ్ళజోడు తీసింది. "ఇన్నీ తెలుసు మీకు. ఇన్నేళ్ళూ ఏం చేశారు?"

"క్లీన్ చేశాను మేడమ్."

వదిన అప్పుడు చూసింది నా వైపు. ఆ చూపులో క్షమించడం లేదు, కోపమూ లేదు. ఏముందో నాకు తెలియలేదు.

ఈ కాగితాల మీద సంతకం చేస్తే కేసు ముందుకి పోతుందంది మేడమ్. కోర్టులో ఇదే ప్రశ్న మళ్ళీ అడుగుతారు, మీ అన్న ఉద్యోగమూ పోవచ్చు, మీరు కొట్టిన దెబ్బ కూడా లెక్కలోకి వస్తుంది, ఆలోచించుకుని రేపు పదకొండుకి రండి అంది.

ఆగస్టు 19, మంగళవారం

తొమ్మిదిన్నర. స్నానం చేశాను. పెదవి మీద రంగు వంకాయకి తిరిగింది.

అమ్మ గుమ్మంలో కూర్చుంది, అడ్డంగా, కాళ్ళు చాపుకుని. భుజం మీద, నా చేతి దెబ్బ తగిలిన చోట, నిన్నటి కాపడం గుడ్డ.

"జరగమ్మా. ఆలస్యమవుతోంది."

"తోబుట్టువుని జైల్లో ఎట్టిస్తావేటే? ఎల్తే నన్ను దాటుకుని ఎల్లు."

చిన్నప్పుడు నిద్రలో ఉన్న అమ్మ కాళ్ళు పొరపాటున దాటితే వెనక్కి పిలిచి దండం పెట్టించేది. ఈ ఇంటికి వేరే తలుపు లేదు.

పది. మంచినీళ్ళు ఇచ్చాను, తాగలేదు.

పదీ ఇరవై. వదిన రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఏం చెప్పను? బండి తాళం చేతిలో ఉంది. అమ్మ కాళ్ళు అలాగే చాపి ఉన్నాయి.