నాన్న ఆకలి

తమ్ముడూ,

వంటగదికి తాళం వేశాను. తాళంచెవి నీ చొక్కా జేబులో ఉంది. నాన్న పదింటికే కడుపునిండా తిన్నారు, కానీ ఆ సంగతి ఆయనకు గుర్తుండదు. కడుపు నకనకలాడుతోందని నిన్ను బతిమాలతారు. కరిగిపోకు. నిన్న పచ్చి పిండి ఆబగా బుక్కేసరికి గొంతుకు అడ్డం పడి ఊపిరాడలేదు. నోట్లో వేలు పెట్టి తీశాను. ఆ భయంలో "తిండిపోతు! ఎంత తిన్నా చాలదా?" అని అరిచేశాను. ఆయన మూతి తుడుచుకుని, "నువ్వేమైనా తిన్నావా అమ్మా?" అని అడిగారు. పొద్దున్నుంచీ నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇక నావల్ల కావడం లేదురా. నా షిఫ్టు అయ్యేదాకా ఆయన్ని వదిలి ఎక్కడికీ వెళ్లకు.

అక్క

మరీ ఏడిస్తే మెత్తగా కలిపి నాలుగు ముద్దలు నీ చేత్తోనే పెట్టు. తిట్టకు.